కంచె యావల విమానములు

విద్యార్థి దశలో మనకు గలుగు వ్యసనములలో గొన్ని పెద్దలకు వింతగా దోచును. విమానములను జూచుట, వాని తోకలపై నుండు సంఖ్యలను పుస్తకమున వ్రాసికొనుట, ఛాయాచిత్రములు తీయుట యను వ్యసనము మాకు పదునాలుగవ యేట నంటినది. అప్పుడు తండ్రిగారి యుద్యోగమునుబట్టి మేము ఇంగ్లండులోని లింకన్‌షైరు మండలమున గాపురముంటిమి.

ఆ మండలమున చాలభాగము సమతలమైన నేల. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బాంబరు విమానముల స్థావరములచ్చట మెండుగా నుండెను. వానిలో నొకటియగు కోనింగ్స్‌బీ 1940లో నేర్పడి, నేటికిని యుద్ధవిమానములకు నెలవై యున్నది. దాని కంచె వెలుపల చూపరులు నిలుచుటకు దగిన తావు గలదు. వృద్ధులును బాలురును చిన్న నిచ్చెనలు, దుర్భిణులు, ఫ్లాస్కులలో తేనీరు వెంటగొని వచ్చి గంటలకొలది వేచియుందురు.

మొదటి దినమున కెమెరా సంచి విప్పుటకే మాకు చేతులాడలేదు. మన దేశమున 1937 నాటి విమాన నిబంధనలలో, అనుమతి లేక విమానాశ్రయమున ఛాయాచిత్రములు తీయరాదను నియమము గలదని తాతగారు చెప్పగా వినియుంటిమి. మా భయమును గనిపెట్టి ప్రక్కనున్న వృద్ధు డొకడు నవ్వి, గ్రీసు దేశపు వృత్తాంతము చెప్పెను. 2001లో ఇట్టి వ్యసనపరులను బ్రిటిషువారిని, డచ్చివారిని కలమాటా స్థావరమువద్ద బట్టుకొని గూఢచర్యము నారోపించిరట. 2002 ఏప్రిలులో శిక్షలు పడినను, నవంబరులో పై న్యాయస్థానము వారిని నిర్దోషులని విడిచినదట. “ఒకచోట వినోదమైనది వేఱొకచోట నేరమగును. ఏ కంచెకడ నిలిచినను ముందుగా అచ్చటి నియమము దెలిసికొనుము” అని యాతడు హితవు చెప్పెను. అచ్చట బయటినుండి తీయుటకు అడ్డు లేదని తెలిసిన పిదపనే మేము కెమెరా బయటికి దీసితిమి.

2015 జూలై మాసమున ‘ఇంద్రధనుస్సు’ అను పేర ఉభయదేశముల వైమానిక దళముల విన్యాసములు జరిగినవి. మన సుఖోయ్-30 విమానములు నాలుగు కోనింగ్స్‌బీకి వచ్చినవి. పరదేశపు మబ్బుల నడుమ కాషాయ, శ్వేత, హరిత వర్ణముల చక్రమును జూడగనే మాకు గుండె ఝల్లుమన్నది. వాని సంగతులన్నియు మాకు కంఠస్థములు: ఇంజనులు రెండు, వైమానికు లిద్దఱు, కూర్పు నాసిక్కున, ఇంజనుల తయారీ కోరాపుట్టున. రెండు దినములలో నిన్నూఱు చిత్రములు తీసి, మేలైనవి పండ్రెండు ఏఱి స్వగ్రామమున నున్న తాతగారికి బంపితిమి. వారు పూర్వము వైమానిక దళమున బనిచేసిరని మాత్రమే మే మెఱుగుదుము.

ఆ రాత్రి టెలిఫోనులో మెప్పునకై యెదురుచూచితిమి. తాతగారు కొంత తడవూరకుండి, “విమానములు బాగుగనే యున్నవి నాయనా. వీనిలో మనుష్యు డొక్కడును లేడేమి?” అనిరి.

మాకు చిన్నతన మనిపించినది. చెడిపోయినదని తీసివేయదలచిన చిత్ర మొకటి యుండెను. అందు విమానపు ముక్కు తెగిపోయినది. ఎండ సెగకు దూరమంతయు మసకబారినది. ఒక మూలను మాత్రము చెవులకు కప్పులు పెట్టుకొన్న పనివా డొకడు చేయెత్తి నిలిచియుండెను. మన దేశపువాడో, ఆ దేశపువాడో పోల్చుకొన వీలులేదు. సంకోచించుచునే దానిని బంపితిమి.

మఱునాడు తాతగారే పిలిచిరి. “ఎవడైననేమి? ఇతడు చేయెత్తినగాని పైలటు కదలడు. ఆ చేయి యెత్తుటకు ముందు మర మరను తడవి చూచుకొనవలెను. మర వదులైన తప్పు మాది, పోవు ప్రాణము వేఱొకనిది. 1965 యుద్ధములో నేను నాట్ విమానముల యింజనులు చూచితిని. పంపినది తిరిగివచ్చి దిగువఱకు మాకు అన్నము సహించెడిది కాదు” అని, అర్ధగంటసేపు చెప్పిరి.

నాట్ ఇంగ్లండులో బుట్టి బెంగుళూరులో బెరిగిన విమానము. దాని యింజనుపేరు ఆర్ఫియస్ అని మే మెఱుగుదుము. దాని బలమెంతయో యెఱుగుదుము. ఆ యింజనుపై మా యింటి చేతులే పనిచేసినవని మాత్రమెఱుగము. పదునాలుగేండ్లు ఆ చేతులు పట్టుకొని నడచియు ఒక్కమాటైన నడుగమైతిమి.

విన్యాసములు ముగిసి మనవారు మరలిపోవుదాక మే మా కంచెకడకు బోయి, విమానములతోబాటు దూరమున గదలు చిన్నచిన్న మనుష్యులను గూడ తీసితిమి. అవి యేవియు చక్కగా రాలేదు. తాతగారు మాత్రము ఆ ముక్కు తెగిన చిత్రమునే అచ్చు వేయించి, తమ పడకగది గోడకు దగిలించుకొనిరి.