చెయ్యి అందని చోటికి

మనిషి శరీరంలో కంటికి కనబడనిది, చేతికి పూర్తిగా అందనిది వీపు ఒక్కటే. ముఖాన్ని అద్దంలో చూసుకోవచ్చు. కాళ్ళు లాగుతూంటే తానే పిసుక్కోవచ్చు. కాని రెండు భుజాల నడుమ నొప్పి పుట్టినప్పుడు ఎంతటి బలశాలి అయినా మరొకరిని పిలవవలసిందే.

వెనుకటి తెలుగు లోగిళ్ళలో ఆ పిలుపుకు పలికేవారికి కొదువ ఉండేది కాదు. భోగినాడు తలంటుపోసే తల్లి చెయ్యి పిల్లవాడి తలతో ఆగక, నువ్వులనూనెతో, నలుగుపిండితో వీపంతా సాగేది. పగలంతా పొలంలో వంగి పనిచేసి వచ్చిన తాత సందెవేళ అరుగు మీద బోర్లా పడుకొని, "ఒరేయ్, కాస్త వీపు తొక్కరా" అనేవాడు. మనవడు గోడ పట్టుకొని ఆయన వీపు మీద చిన్న చిన్న అడుగులు వేసేవాడు. అది వాడికి ఆట, ఆయనకు వైద్యం. మర్దన మన దేశానికి కొత్త కాదు. దినచర్యలో ప్రతినిత్యం అభ్యంగం చేసుకోవాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించి శతాబ్దాలు గడిచాయి.

అరుగులు నేడు అంతగా కనిపించవు. మనవలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో, సముద్రాల కావలనో ఉన్నారు. పెద్ద ఇంట్లో ఇద్దరు, కొన్నాళ్ళకు ఒక్కరు మిగులుతున్నారు. పుణ్యక్షేత్రాల అంగళ్ళలో, పట్టణాల ఎగ్జిబిషన్లలో కర్రసామాను అమ్మేవారి వద్ద కనిపించే ఒక చిన్న వస్తువు ఇటువంటివారి చేతుల్లోకి ఎక్కువగా చేరుతున్నది. నున్నగా తిప్పిన కర్రగుండ్లు నాలుగో అయిదో ఒక గట్టి తాడుకు గుచ్చి ఉంటాయి. తాడు రెండు కొసలా రెండు పిడులు. ఒక పిడిని భుజం మీదుగా, మరొకదానిని నడుము పక్కనుంచి పట్టుకొని మార్చి మార్చి లాగితే గుండ్లు వీపు మీద దొర్లుతాయి. దీనికి కరెంటు అక్కరలేదు, మరొక మనిషి అక్కరలేదు.

ఈ వస్తువు ఫలానా చోట పుట్టిందని గిరి గీసి చెప్పడం కష్టం. కర్రను గుండ్రంగా తిప్పి చెక్కే పనితనం ఎక్కడ ఉంటే అక్కడ ఇది పుట్టగలదు. తెలుగునాట ఆ పనితనానికి పేరుపడిన ఊరు ఏటికొప్పాక.

విశాఖపట్నం నుంచి రైలులో తుని వైపు వెళ్ళేవారు ఎలమంచిలి, రేగుపాలెం దాటిన తరువాత నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి ఈ ఊరికి చేరుకోవచ్చు. విశాఖకు ఇది సుమారు 65 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక అనకాపల్లి జిల్లాలో చేరింది. పక్కనే వరాహ నది. చుట్టూ చెరకుతోటలు. ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ కళలో ప్రకృతిసిద్ధమైన రంగుల వాడకాన్ని పెంపొందించిన సి.వి.రాజు 2023లో పద్మశ్రీ పురస్కారం పొందారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధిలో కదలినది ఈ బొమ్మల కొలువే.

ఆ శకటం మీది బొమ్మల వైభవమంతా ఒక మెత్తని కర్రలోనుంచి పుట్టినది. దాని పేరు అంకుడు. తెల్లగా, తేలికగా ఉండి ఉలికి చక్కగా లొంగుతుంది. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకు కూడా ఇదే జాతి చెట్టు ఆధారం. కొట్టి తెచ్చిన కొమ్మలను బాగా ఆరనిచ్చి, ముక్కలుగా కోసి తరిణికి బిగిస్తారు. తరిణి అంటే కర్రను తిప్పే యంత్రం, పట్టణాలవారి మాటలో లేతు.

వెనుకటి తరిణికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. కర్రకు చుట్టిన తాడును ఒకరు ముందుకూ వెనుకకూ లాగుతూంటే రెండవవారు ఉలి పట్టేవారు. కర్ర ఒకవైపు తిరిగినప్పుడే ఉలి కోసేది, ఎదురు తిరిగినప్పుడు ఆగేది. ఆ తాళం కుదరాలంటే ఇద్దరి ఊపిరీ ఒకటి కావాలి. తరువాత విద్యుత్తు మోటారు వచ్చింది. తాడు లాగే రెండవ మనిషి అవసరం తీరిపోయింది. పని వేగం పెరిగింది, తరిణి ముందు మాత్రం ఒక్కరే మిగిలారు.

గిరగిర తిరిగే కర్రకు ఉలి తాకగానే సన్నని పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకొంటూ రాలుతుంది. చూస్తూండగానే మొద్దుముక్క ఉండ అవుతుంది, ఉండకు నడుము పడితే బొంగరం అవుతుంది. ఆ తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పడతారు. పొయ్యి లేదు, మంట లేదు. రాపిడిలో పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. పైన ఎండిన మొగలిరేకును ఒత్తితే లక్క సమంగా పరచుకొని అద్దంలా మెరుస్తుంది. పసుపు నుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలిమొక్క నుంచి నీలం వస్తాయి. పసిపిల్లలు నోట పెట్టుకొనే వస్తువు కనుక ఇక్కడ రంగు అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఆరోగ్యానికి సంబంధించినది కూడా.

ఏటికొప్పాక ప్రసిద్ధి బొమ్మలవల్ల వచ్చిందే తప్ప మర్దన సాధనాలవల్ల కాదు. అయినా ఆ అంగళ్ళలోని బొమ్మలను శ్రద్ధగా చూసినవారికి వీపు రోలరు అక్కడ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. బొంగరం పైభాగంలో దాని గుండు ఉన్నది. గిలక్కాయ కాడలో దాని పిడి ఉన్నది. పిల్లలు తాడు కట్టి లాగే బండికి ఉన్న చక్రాలలో దాని కీలకమంతా ఉన్నది. పసివాడు తాడు లాగితే బండి నేల మీద దొర్లుతుంది. తాతగారు తాడు లాగితే అవే చక్రాలు వీపు మీద దొర్లుతాయి. ఒకే ఉలి, ఒకే కర్ర, ఒకే సూత్రం.

సూత్రం చిన్నదైనా అందులో చక్కని తెలివి ఉన్నది. వెనుకకు చెయ్యి పెట్టి వీపును నొక్కే బలం మనిషికి లేదు. ముందుకు లాగే బలం మాత్రం ఉన్నది. వంపు తిరిగిన వీపును చుట్టి ఉన్న తాడును ముందుకు లాగితే ఆ లాగుడే వెనుక ఒత్తిడిగా మారుతుంది. గట్టిగా లాగితే ఎక్కువ, వదులు చేస్తే తక్కువ. గుండ్లు దొర్లుతాయి కనుక చర్మం ఒరుసుకుపోదు. మంచి పనివాడు రెండు గుండ్ల నడుమ కొంచెం ఎడం ఉంచుతాడు. వాటిని నిలువుగా దొర్లించినప్పుడు వెన్నెముక ఆ సందులో ఉండి, ఒత్తిడి దానికి రెండు పక్కల ఉన్న కండల మీద మాత్రమే పడాలి.

దెబ్బ తగిలినచోట మనకు తెలియకుండానే చెయ్యి పెట్టి రుద్దుకొంటాము. ఆ రుద్దుడుకు నొప్పి ఎందుకు తగ్గుతుందో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ద్వారా వివరించారు. వెన్నుపాములో ఒక ద్వారంవంటి ఏర్పాటు ఉన్నదనీ, స్పర్శను మోసే నాడులు చైతన్యం పొందినప్పుడు నొప్పి సందేశానికి ఆ ద్వారం కొంత మూసుకొంటుందనీ వారి భావన. తరువాతి పరిశోధనలు అందులో సవరణలు చేసినా మూలభావన నిలిచింది. మనవడి పాదాలకూ, తల్లి చేతికీ, కర్రగుండుకూ ఉన్న ఉమ్మడి శక్తి ఇదే.

ఈ శక్తికి హద్దులున్నవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచమంతటా 61 కోట్ల 90 లక్షల మంది నడుమునొప్పితో బాధపడ్డారు. వారిలో అత్యధికుల నొప్పికి ఫలానా జబ్బు అని చూపగల కారణం ఉండదు. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం, వంగి బరువులెత్తడం, మనసులోని దిగులు కూడా దానికి తోడుపడతాయి. మర్దన అటువంటి నొప్పిని కొంతసేపు తగ్గించవచ్చు. దానిని దూరంగా ఉంచడానికి నడక, వ్యాయామం అవసరం. జ్వరంతో కూడిన నొప్పి, కాలిలోకి పాకే తిమ్మిరి, మలమూత్రాల మీద పట్టు తప్పడం, పడిన తరువాత వచ్చిన నొప్పి ఉన్నప్పుడు రోలరును పక్కనపెట్టి వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఎముకలు గుల్లబారిన వృద్ధులు వైద్యుని అడిగిన తరువాతే దీనిని వాడాలి. మిగిలినవారు కూడా నొక్కినచోట హాయి కలిగినంతవరకే దొర్లించాలి. బాధ పెరిగితే ఆపివేయాలి. లక్కపూత ఉన్న గుండ్లను ఎండలో పెట్టకూడదు, వేడినీళ్ళలో కడగకూడదు. వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది. పొడిబట్టతో తుడిస్తే చాలు.

ఈ మాటలన్నీ రోలరు కొనేవారి వీపు గురించి. చేసేవారి వీపు సంగతి ఎవరికీ తట్టదు. తరిణి పనివాడు ఉలి కొన మీద చూపు నిలిపి గంటల తరబడి ముందుకు వంగి కూర్చుంటాడు. భుజాలు కదలవు, మెడ ఎత్తదు. చెయ్యి వణికితే పూసంతా చెడుతుంది. ఒకరి వీపు బడలిక తీర్చే గుండు మరొకరి వీపు బడలికలోనుంచి పుడుతున్నది. చేతితో తిప్పిన వస్తువుకు యంత్రాల మీద వేలకొద్దీ పోతపోసిన ప్లాస్టిక్ వస్తువు ధర చెల్లించబోయేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం. అంకుడు కర్ర కూడా మునుపటంత సులువుగా దొరకడం లేదు. కొట్టిన చెట్టుకు బదులు చెట్టు నాటినప్పుడే ఈ తరిణులు తిరుగుతాయి.

ఏటికొప్పాక చూడవచ్చినవారు సాధారణంగా మనవడికో మనవరాలికో బొమ్మ కొంటారు. తాతకూ అమ్మమ్మకూ ఏమి కొనాలో తోచదు. వీపు రోలరు ఎక్కడ కొన్నా, పెద్దవారికి అది మంచి కానుక. అయితే దానిని కాగితంలో చుట్టి చేతికిచ్చి వెంటనే సెలవు తీసుకోవడం సరికాదు. ఇచ్చేవారు మొదటిసారి తామే పక్కన కూర్చుని ఆ వీపు మీద దొర్లించాలి. ఎక్కడ నొప్పో, ఎంత నొక్కితే హాయిగా ఉంటుందో, ఈమధ్య ఆ వీపు ఎంత వంగిపోయిందో అప్పుడే తెలుస్తుంది. తరువాత తాడు ఎలా పట్టుకోవాలో నేర్పి, పిడులు రెండూ వారి చేతుల్లో పెట్టవచ్చు. మళ్ళీ వచ్చేదాకా ఆ పని గుండ్లు చూసుకొంటాయి.