పసిపాదాల వేగంతో నెల్లూరు తీరయానం

పసిబిడ్డ ఉన్న ఇంట్లో ప్రయాణం మాట ఎత్తగానే పెద్దలు చెప్పేది ఒక్కటే: "బిడ్డను కాస్త పెద్దదవనివ్వండి, తర్వాత వెళ్లవచ్చు." ఆ మాటలో ప్రేమ ఉంది, సందేహం లేదు. అయితే ఆచరణలో ఆ నియమం ఎక్కువగా తల్లికే వర్తిస్తుంది. తండ్రి వ్యాపారం పేరిటో, స్నేహితుల పెళ్లి పేరిటో ఊళ్లు తిరుగుతూనే ఉంటాడు. తల్లి మాత్రం ఒక బిడ్డ తర్వాత మరో బిడ్డతో ఏళ్ల తరబడి గడప దాటదు. భూమిపై సంచరించి అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో పరిశీలించమని దివ్యఖుర్ఆన్ మానవులందరినీ ఉద్బోధించింది. ఆ పిలుపు తల్లులకు కూడా వర్తిస్తుందన్న సంగతిని మనం తరచుగా మరచిపోతుంటాం.

గత జనవరిలో మావారు, అత్తగారు, నేను, రెండేళ్లు నిండని మా పాప కలిసి నెల్లూరు నుంచి రెండు రోజులు తీరప్రాంతమంతా చూసి వచ్చాం. దూరదేశాలకు వెళ్లే స్థోమత అందరికీ ఉండకపోవచ్చు. మన వాకిట్లోనే ఉన్న కడలి, సరస్సు, పక్షుల గూళ్లు చూడటానికి కావలసిందల్లా ఒక వాహనం, కొంత ఓర్పు.

మైపాడు ఉదయం

తొలిరోజు ఫజ్ర్ నమాజు ఇంట్లోనే చేసుకుని మైపాడుకు బయలుదేరాం. పట్టణం దాటగానే ఇందుకూరుపేట దారికి ఇరువైపులా పచ్చని వరిచేలు, తీరం దగ్గరయ్యేకొద్దీ రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే యంత్రాలు కనిపిస్తాయి. కడలికి కొద్ది దూరంలో బకింగ్‌హాం కాలువ అడ్డుపడుతుంది. 19వ శతాబ్దంలో దశలవారీగా తవ్విన ఈ కాలువకు 1878లో నాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. రోడ్లూ రైళ్లూ విస్తరించకముందు ఈ తీరపు బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద మద్రాసు చేరింది ఈ దారినే. నేడు చాలా చోట్ల పూడిపోయి, మౌనంగా పడి ఉంది.

మైపాడు చేరేసరికి సూర్యుడు నీటి అంచు మీద ఉన్నాడు. పాప తొలిసారి అలను చూసి భయంతో నా మెడను కరచుకుంది. ఐదు నిమిషాల తర్వాత ఒక కాలు ఇసుకలో పెట్టింది. అరగంట తర్వాత ఇక లేవనని మొండికేసింది. ఆమె కడలిని చూడటం మానేసి, చిన్న చిన్న ఎండ్రకాయలు ఇసుకలో తవ్విన రంధ్రాలను చూడసాగింది. మేము ఎన్నిసార్లు వచ్చినా గమనించని వాటిని, ఇసుక మీద అవి చుట్టిపెట్టిన చిన్న చిన్న ఉండలను, ఆ రోజు ఆమె పక్కన కూర్చుని చూశాం.

సూర్యుడు కాస్త పైకి వచ్చాక కడలి నీటితోనే వుజూ చేసి రెండు రకాతుల ఇష్రాఖ్ నమాజు చేసుకున్నాం. సముద్రపు నీరు పరిశుద్ధమని, దాని జలచరం ధర్మసమ్మతమని దైవప్రవక్త (స) బోధించారు కదా! మన తీరంలో ఖిబ్లా దాదాపు పడమటి దిక్కు కనుక నమాజులో కడలి మన వీపు వైపు ఉంటుంది. కళ్లకు కనబడకపోయినా ఆ ఘోష చెవిని వీడదు.

ఒక హెచ్చరిక. ఇక్కడి అలల లాగుడు బలమైనది. పిల్లలను తడి ఇసుక దాటి ముందుకు పోనివ్వరాదు.

ప్రయాణీకునికి దక్కిన వెసులుబాటు

రెండో రోజు 16వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా గూడూరు, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు వెళ్లాం. దూరం సుమారు 100 కిలోమీటర్లు. ఉపఖండపు హనఫీ పండితులు సాధారణంగా 48 మైళ్లను, అంటే దాదాపు 77 కిలోమీటర్లను, షరీఅతు దృష్టిలో ప్రయాణంగా లెక్కిస్తారు. కనుక మైపాడు వెళ్లిన రోజు మేము ప్రయాణీకులం కాము. సూళ్లూరుపేటకు బయలుదేరి ఊరి పొలిమేర దాటగానే ప్రయాణీకులమయ్యాం. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగు రకాతులకు బదులు రెండయ్యాయి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు ఉండదు. నమాజులను కలిపి చేయడం విషయంలో మజహబుల మధ్య భేదముంది కనుక ఎవరికి వారు తమ ఆలిములను అడిగి తెలుసుకోవడం మంచిది.

పసిబిడ్డతో దారి పట్టినప్పుడే ఈ వెసులుబాటు విలువ నిజంగా తెలుస్తుంది. ప్రయాణం కష్టమని సృష్టికర్తకు తెలుసు. ఆ కష్టాన్ని లెక్కలోకి తీసుకునే విధిని తేలిక చేశాడు. దైవప్రవక్త (స) ప్రయాణాల్లో బృందానికి వెనుకగా నడుస్తూ, వెనకబడిన బలహీనులను ముందుకు నడిపించేవారని, తమ వాహనం మీద ఎక్కించుకునేవారని హదీసులు తెలుపుతున్నాయి. స్త్రీలు ఎక్కిన ఒంటెలను పాట పాడుతూ వేగంగా తోలుతున్న అన్జషను వారించి, వారిని గాజుపాత్రలతో పోల్చి, మెల్లగా తోలమన్నారు. ఆ రోజు బండి నడిపే మావారికి అత్తగారు ఈ హదీసునే గుర్తుచేశారు. "నాయనా, వెనక సీట్లో గాజుపాత్రలు మూడున్నాయి" అన్నారామె. ఆ తర్వాత ముల్లు 80 దాటలేదు. గంటకొకసారి ఆగాం.

పులికాట్ మీదుగా

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో ఇదే అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. కాళంగి వంటి ఏరుల మంచినీరు, బంగాళాఖాతపు ఉప్పునీరు ఇక్కడ కలుస్తాయి. దారిలోని అటకానితిప్ప దగ్గర ఆగితే శీతకాలంలో ఫ్లెమింగోల గుంపులు కనిపిస్తాయి. పొడవాటి కాళ్లతో లోతులేని నీటిలో నిలిచి, తలను తలకిందులుగా ముంచి అవి మేత వడగడతాయి. వాటి పిల్లలు పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటాయి. తినే నాచులోని, చిన్న రొయ్యల్లోని వర్ణద్రవ్యాల వల్ల క్రమంగా గులాబీ రంగు తేలుతుంది. పాప వాటన్నిటికీ ఒకే పేరు పెట్టింది: "కోడి!"

రోడ్డు చివర శ్రీహరికోట. అనుమతి లేనిదే లోపలికి వెళ్లలేం. రాకెట్ ప్రయోగాలను చూడదలచిన వారు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1979 ఆగస్టు 10న ఇక్కడి నుంచి జరిగిన ఎస్.ఎల్.వి-3 తొలి ప్రయోగం విఫలమై, రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు రామేశ్వరానికి చెందిన ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఆ రోజు పత్రికల వారి ముందుకు వచ్చి బాధ్యతను తన మీద వేసుకున్నవారు సంస్థ అధ్యక్షులు సతీష్ ధావన్. 1980 జూలై 18న రెండో ప్రయత్నం ఫలించినప్పుడు మాత్రం ఆయన కలాంనే మాట్లాడమన్నారు. 2002లో ఈ కేంద్రానికి ధావన్ పేరు పెట్టారు. పరాజయంలో ముందు నిలబడి, విజయంలో వెనక్కి తప్పుకోవడం పిల్లలకు చెప్పదగిన పాఠం.

తల్లి నమాజుకు చోటెక్కడ?

జుహ్ర్ వేళకు రహదారి పక్కన ఒక మసీదు కనిపించింది. మావారు లోపలికి వెళ్లారు. స్త్రీలు వుజూ చేసుకోవడానికి గాని, నమాజు చేసుకోవడానికి గాని అక్కడ ఏర్పాటు లేదని తెలిసింది. ఎండలో బండిలోనే పాపను ఆడిస్తూ అత్తగారు, నేను కూర్చున్నాం. చివరికి పక్కనున్న టీకొట్టు ఆమె మా అవస్థ గమనించి, "మా ఇంట్లో చేసుకోండమ్మా" అని పిలిచి, వెనక గది ఊడ్చి, ఉతికిన దుప్పటి పరిచింది. ఆమె ముస్లిం కాదు. మేము వంతులవారీగా నమాజు చేస్తున్నంతసేపూ పాపను ఒడిలో కూర్చోబెట్టుకుంది. అల్లాహ్ ఆమె ఇంటికి శుభాన్ని ప్రసాదించుగాక!

ఈ సంగతి ఆ ఒక్క మసీదును నిందించడానికి చెప్పడం లేదు. స్త్రీలకు ఇంటి నమాజే శ్రేష్ఠమని భావించే పెద్దల అభిప్రాయాన్ని గౌరవిస్తాం. అయితే ప్రయాణంలో ఉన్న స్త్రీకి ఇల్లు ఎక్కడిది? అల్లాహ్ దాసురాళ్లను అల్లాహ్ మసీదులకు రాకుండా ఆపవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. నమాజును సుదీర్ఘంగా చేయాలని తలచి కూడా, పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందని ఆయన దాన్ని కుదించేవారు. అంటే ఆయన మసీదులో తల్లులూ ఉన్నారు, ఏడ్చే పిల్లలూ ఉన్నారు. మనవరాలు ఉమామాను భుజాన ఎత్తుకునే ఆయన నమాజు చేశారు. సజ్దాలో దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకున్నారు.

రహదారి వెంట ఉన్న మసీదుల కమిటీలకు ఒక మనవి. పెద్ద కట్టడం అక్కరలేదు. ఒక మూల తెర, చాటున ఒక కుళాయి, రెండు చాపలు, బయట నుంచి కనిపించేలా ఒక బోర్డు చాలు. ఖర్చు కొద్ది వేలు దాటదు. ఆ చాప మీద నమాజు చేసే ప్రతి బాటసారి తల్లి దుఆలో మీకు వాటా ఉంటుంది.

నేలపట్టు సాయంత్రం

తిరుగు దారిలో దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు మళ్లాం. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించిన చెరువు ఇది. నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు సత్తువ అని ఊరి రైతుల నమ్మకం; అందుకే వాటిని ఎవరూ బెదిరించరు.

సాయంత్రం మేత నుంచి తిరిగి వచ్చిన పెద్ద పక్షి ముక్కు తెరవగానే, పిల్ల తన తలను ఆ గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటుంది. పాప నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. అల్లాహ్ తన నూరు పాళ్ల కారుణ్యంలో ఒక్క పాలును భూమిపై దించాడని, తల్లి జంతువు తన పిల్లకు తగలకుండా గిట్టను ఎత్తిపట్టేది ఆ కారుణ్యం వల్లనేనని హదీసు తెలుపుతోంది. మిగిలిన తొంభై తొమ్మిది పాళ్లు ఆయన వద్దే ఉన్నాయి.

బయలుదేరే కుటుంబాలకు

అక్టోబరు నుంచి మార్చి వరకు ఈ దారికి అనువైన కాలం. రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోవద్దు. బిడ్డను ముందు సీట్లో ఒడిలో కూర్చోబెట్టుకోకుండా, వెనక ప్రత్యేక సీటు అమర్చండి. నెల్లూరు చేపల పులుసు పెద్దలకు విందే గాని పసినోటికి మంట. పెరుగన్నం, అరటిపండ్లు, కాచి చల్లార్చిన నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఒక చాప, చెంబు, ఖిబ్లా చూపే పరికరం బండిలో ఉంచండి. దారిలో బిడ్డను ఎత్తుకునే పని తండ్రి కూడా పంచుకుంటే, తల్లికి ఆకాశం చూసే తీరిక దొరుకుతుంది. ప్రయాణీకుని దుఆ తిరస్కరించబడదని విన్నాం కదా; బండి కదిలే ముందు సవారీ దుఆ చదివి, మన ఇళ్లలో ఏళ్లుగా గడప దాటని తల్లుల కోసం కూడా వేడుకుందాం.