నారాకి ఒక రోజు

జపానులో గుళ్ళకి కరువు లేదు. చూడబోయేవాళ్ళకి రోజులకే కరువు. టోక్యోలో అసకుసా గుడి, క్యోటోలో 1950లో తగలబడితే 1955లో తిరిగి కట్టిన బంగారు మందిరం, ఇనారి కొండమీద వేల ఎర్ర తోరణాలు... మావారు వీటన్నిటికీ నిమిషాలతో సహా పట్టిక వేశారు. సాంజూసాంగెన్‌దోలో 1001 కన్నన్ దేవత విగ్రహాలకి 20 నిమిషాలు! అంటే దాదాపు సెకనుకొక దేవత. దణ్ణానికి చెయ్యి ఎత్తేలోగా నలుగురు దాటిపోతారు.

క్యోటో నుంచి నారా రైల్లో గంటలోపే గనక, దానికి ఒక మధ్యాహ్నం విదిలించారు.

"ఒక్క బుద్ధుడికి రోజంతా ఎందుకోయ్?"

ఎందుకంటే 752లో ఆ 15 మీటర్ల బుద్ధుడికి నేత్రోన్మీలనం చేసింది మన దేశం నుంచి వెళ్ళిన భిక్షువు బోధిసేనుడు. ఆయన పట్టిన కుంచెకి పొడుగాటి దారం కట్టి, చేరినవాళ్ళంతా తలో కాస్తా పట్టుకున్నారట. పుణ్యంలో వాటా అన్నమాట. ఆ కుంచె, ఆ నీలిదారం షోసోయిన్ ఖజానాలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఏటా శరత్తులో ఆ ఖజానాలోని వస్తువులు కొన్నిటిని నారా మ్యూజియంలో పెడతారు. మా ప్రయాణమూ అప్పుడే. ఈసారి దారం పెట్టకపోయినా సరే, ఆ బుద్ధుడి ఎదుట తీరిగ్గా కూర్చోవాలని ఉంది.

ఇరవై రెండేళ్ళ కాపరంలో ఏ ఊరెళ్ళినా "పద, పద" అన్న మాట వెనకాలే నడిచాను. కాశీలో గంగ ఒడ్డున ఓ అరగంట కూర్చుంటానంటే బండి టైమయిందన్నారు. టిక్కెట్లు ఆయన జేబులో ఉన్నాయి మరి!

ఈ ప్రయాణంలో నా నవలల డబ్బు కూడా ఉంది. ఒసాకా కోట ఎలాగూ 1931లో కాంక్రీటుతో కట్టినదే. పట్టికలో దాన్ని పెన్నుతోనే కొట్టేశాను.

"నాన్న చూస్తే?" అంది అమ్మాయి.

చూడనీ. నారాకి ఎదురుగా 'పొద్దుట్నుంచి సాయంత్రందాకా' అని రాసి, పక్కన సంతకం కూడా పెట్టాను.