చలి వేకువలో సైకిలు బ్రేకులు

మా శ్రీనగర్ కాలనీకి కాశ్మీరపు పేరున్నది గాని, కాశ్మీరపు చలి లేదు. అక్కడ డిసెంబరు 21 నుండి 40 రోజులను 'చిల్లయ్ కలాన్' అంటారు. అంతటి చలిలో సైకిలు బ్రేకు తీగ తొడుగులో చేరిన నీరు గడ్డకట్టి, ఎంత నొక్కినా తీగ కదలదు. మన హైదరాబాదులో కొన్ని రాత్రులు 10 డిగ్రీల దాకా దిగితేనే గొప్ప. అయినా ఫజ్ర్ నమాజుకు సైకిళ్ళపై వెళ్ళే పిల్లలున్న ఇళ్ళవారు ఈ మాత్రపు చలిని తేలికగా తీసుకోరాదు.

ఆరుబయట నిలిపిన సైకిలు ఇనుము రాత్రివేళ గాలికన్నా చల్లబడుతుంది. దానిపై మంచు నీరై పేరుకుంటుంది. నున్నని ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారుతుంది. చక్రం కొన్ని చుట్లు తిరిగి ఆ తడి తుడుచుకుపోయాక గాని పట్టు దొరకదు. పాతబడిన రబ్బరు చలికి మరింత బిరుసెక్కుతుంది. జూబ్లీహిల్స్ వైపు నుండి దిగే వాలులో ఆ కొన్ని చుట్లే ప్రాణాపాయం. ఆ వేళకే షూటింగుల వాహనాలు రోడ్డెక్కి ఉంటాయి మరి!

కొబ్బరినూనె సంగతి వేరే చెప్పాలి. కిర్రుమనే బ్రేకు తీగకు ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పోయడం చాలామందికి అలవాటు. సుమారు 24 డిగ్రీల దిగువన అది పేరుకుంటుందని సీసా చూస్తేనే తెలుస్తుంది. తొడుగులోనూ అంతే. నొక్కిన మీట వెనక్కు రాదు, బ్రేకు చక్రాన్ని వదలదు. మధ్యాహ్నం ఎండకు కరిగి అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. అందుకే సైకిలు షాపులో చూపితే లోపం దొరకదు. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. అదీ రిమ్ముకు అంటరాదు.

ఇక తొందర. "జమాఅత్ తప్పిపోతుంది, త్వరగా పో" అని గడపలో నిలబడి పిల్లలను తరిమేది మనమే. ఇఖామత్ వినిపించినా పరుగెత్తవద్దని, ప్రశాంతంగా, హుందాగా నడిచి రమ్మని, అందినంత నమాజు చేసి తక్కినది పూర్తి చేసుకొమ్మని దైవప్రవక్త (స) బోధించారు. ఈ మాట పిల్లలకన్నా ముందు పెద్దల చెవిన పడవలసినది. మా ఇంట పిల్లలను ఇప్పుడు పది నిమిషాలు ముందే లేపుతున్నాము. పాతగుడ్డతో రిమ్ములు తుడిచి, ఇంటి ముందరే రెండుసార్లు బ్రేకు నొక్కి చూసుకొని బయలుదేరుతారు. వాలు వచ్చినచోట దిగి నడుస్తారు. చిన్నవాడికి మాత్రం అది ఇంకా నామోషీగానే ఉంది.