తల అరిగిన బోల్టు

పోయిన ఆదివారం పోస్టు ఎందుకు పెట్టలేదని ఇద్దరు ఫోన్ చేసి అడిగారు. ఆ రోజంతా మా మేనల్లుడి స్ప్లెండర్ పక్కనే ఉండిపోయాను. ఆ సంగతే రాస్తున్నాను, బండి ఉన్నవాళ్ళకు పనికొస్తుంది.

వాడు తెల్లారకముందే ఆ బండి మీద తిరుత్తణి స్టేషనుకు వచ్చి చెన్నై ఎలక్ట్రిక్ ట్రైను పట్టుకుంటాడు. ఆ వేళకు వాళ్ళ ఊరి నుంచి బస్సు లేదు. ఆయిల్ మార్చమని ఒక షెడ్డులో వదిలితే, ఇంజను అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు తలను గుండ్రంగా చేసి పెట్టారు. పైగా "రాదు, క్రాంక్ కేసే మార్చాల" అన్నారట. అంటే ఇంజను మొత్తం విప్పడమే. "మామా, ఈ నెల జీతం దీనికే పోతాది" అని వాడు దిగాలుగా కూర్చున్నాడు.

అరక్కోణం రోడ్డులో నాకు తెలిసిన పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆయన తెలుగు, అరవం కలిపే మాట్లాడతాడు. బోల్టు మీది చుట్లను మనం మర అంటాం, అరవంలో మరై అంటారు. 1960 ఏప్రిల్ 1న మన తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది కానీ, షెడ్డుల్లో మాట ఇంకా రెండు వైపులా నడుస్తూనే ఉంది. అరవ మీడియంలో చదివిన నాకు ఈ మాటలు వింటే ఒక సంతోషం.

ఆయన బండి కింద టార్చి వేసి చూసి, "దీన్ని తుప్పు పట్టుకోలా సార్, మనిషి పట్టుకున్నాడు" అన్నాడు. నిజమే. ఆ బోల్టుకు లోపల ఎప్పుడూ ఆయిలే, తుప్పుకు చోటెక్కడ? బలముందని బిగించినవాడు ఒకడు, విప్పేటప్పుడు ఎదురు వైపు తిప్పినవాడు ఇంకొకడు. ఈ రెండోది చాలామందికి తెలియదు. బోల్టు తల నేల వైపు చూస్తుంటుంది. పైన నిలబడి చెయ్యి కిందికి పెట్టినవాడికి కుడి ఎడమ తారుమారైపోతాయి. ముఖం బోల్టు తలకు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకొని, అక్కడి నుంచి గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. లేకపోతే విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగిస్తాం.

సైలెన్సర్ బోల్టుల కథ వేరు. వేడికి, వాన నీళ్ళకు అవి నిజంగానే తుప్పు పట్టి అతుక్కుంటాయి. వాటికి రాత్రే కిరసనాయిలో, డబ్బాలో వచ్చే స్ప్రే ఆయిలో పోసి ఊరబెట్టాలి. పొద్దున కొంచెం విప్పడం, మళ్ళీ కొంచెం బిగించడం, అలా ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఒకే పట్టున లాగితే బోల్టు విరిగి సగం లోపలే ఉండిపోతుంది. మా రైల్వేలో పట్టాల జాయింట్లకు ఏటా చలికాలంలో, అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల, గ్యాంగ్‌మెన్ ఫిష్‌ప్లేట్లు విప్పి నూనె పెడతారు. బోల్టు మొండికేయకముందే చేసే పని అది.

మన బోల్టు సంగతికి వస్తాను. ముందు బండిని పది నిమిషాలు స్టార్ట్‌లో ఉంచాడు. 1 మీటరు ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 2.3 దాకా సాగుతుంది. క్రాంక్ కేసు అల్యూమినియం, బోల్టు ఇనుము. వేడికి రంధ్రం బోల్టు కంటే ఎక్కువ సాగి పట్టు సడలుతుంది. మంట మాత్రం పెట్టనివ్వలేదు. పైన పెట్రోలు టాంకు ఉంది కదా.

బోల్టు 17 నంబరుది. మూలలు పోయినా పక్కల మధ్యభాగం మిగిలే ఉంటుంది. ఎదురెదురుగా ఉన్న రెండు పక్కలను ఆకురాయితో రాసి రాసి 16 నంబరు స్పానర్ గట్టిగా కూర్చునేలా చేశాడు. దానికే ముప్పావు గంట పట్టింది. మా వాడు "ఉలి పెట్టి ఒక దెబ్బ కొట్టేద్దాం అన్నా" అన్నాడు. "కొడితే బోల్టు వస్తాది, కేసు పగులుతాది. ఊరికే ఉండు" అన్నాడు ఆయన. తర్వాత స్పానర్ తగిలించి, గుంజకుండా, మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ పోయాడు. టక్ అని ఒక శబ్దం వచ్చింది. మర తెగిందేమోనని మా వాడి ముఖం తెల్లబోయింది. బోల్టు మాత్రం కదిలింది, నల్లటి ఆయిలు ధారగా కారింది.

మరలు గుడ్డతో తుడిచి చూస్తే బాగానే ఉన్నాయి. కొత్త బోల్టు, కొత్త వాషరు వేసి, ముందు నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పించాడు. చేత్తో సులువుగా తిరగకపోతే మర వంకరగా ఎక్కిందని అర్థమట. చివర చిన్న స్పానర్‌తో కొద్దిగా బిగించి వదిలేశాడు. కూలి మూడు వందలు అడిగితే మా వాడు అయిదు వందలు ఇచ్చాడు.

షెడ్డుల్లో తలలు అరగడానికి ఇంకో కారణం పన్నెండు మూలల సాకెట్లు, వదులైన స్పానర్లు. ఆరు మూలల సాకెట్ల పెట్టె ఒకటి కొని మన సంఘం ఆఫీసు బీరువాలో పెట్టాను. కావలసినవాళ్ళు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్ళండి, తిరిగి ఇచ్చేటప్పుడు తేదీ వేయండి. రిటైరైనా క్లర్కు క్లర్కే.