మొద్దు చెప్పు సాక్ష్యము

చెట్టు నిలిచియున్నంతకాలము దాని పేరు పసిబాలుడైనను చెప్పగలడు. చింతకు కాయ కలదు. వేపకు చేదుటాకు కలదు. తుమ్మకు ముల్లు కలదు. గొడ్డలి పడి, కొమ్మలు పోయి, మొద్దు మాత్రమే మిగిలినపుడు ఈ గుర్తులన్నియు పోవును. అప్పుడు దాని జాతిని తెలిసికొనుటకు నేర్పును, ఓర్పును కావలెను.

కర్నూలు నుండి నంద్యాలకు పోవు బాటలో ఓర్వకల్లు అను గ్రామము కలదు. వింత ఆకారములు దాల్చిన రాతిగుట్టలకు అది పేరుపొందినది. అట్టి మెట్టసీమ గ్రామములలో అనుభవముగల వడ్రంగి మొద్దును చూచినంతనే పేరు చెప్పడు. మొదట బెరడును తడవి చూచును. పిమ్మట కొసను ఉలితో నునుపుగా చెక్కి, నీటితో తడుపును. అంచుననున్న లేతచెక్క యెంత, నడుమనున్న చేవ యెంత, దాని రంగేమి, బరువేమి, వాసన యేమి అని వరుసగా పరీక్షించును. చింతమొద్దున లేతచెక్క వెడల్పు; చేవ చిన్నది, నలుపు కలిసిన ఊదారంగుది. వేపచేవ ఎరుపు, కోసినపుడు ఒక విధమగు వాసన వచ్చును. నల్లతుమ్మ చేవయు ఎఱ్ఱనిదే, కాని మిక్కిలి గట్టిది.

వంటచెరకు విషయమున పొరపడిన నష్టము స్వల్పము. కడప జిల్లాలోని లంకమల, పాలకొండ కొండలలో పెరుగు ఎఱ్ఱచందనము విషయము అట్టిది కాదు. తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగని ఈ వృక్షమును 1995లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒడంబడిక రక్షితజాతుల పట్టికలో చేర్చిరి. దానిని దొంగతనముగా నరికి తరలించుట నేరము. కావున బండిలోని యెఱ్ఱమొద్దు ఏ జాతిదో తేల్చుట ఒక మనుష్యుని స్వేచ్ఛకు సంబంధించిన మాట.

ఎరుపును మాత్రమే నమ్మినచో సండ్రమొద్దును చూచి మోసపోవుదుము. నీట మునుగుటయే గుర్తనుకొన్నచో నారేప చేవయు మునుగును. సండ్రచేవను నీట కాచినచో తాంబూలమున వేసికొను కాచు దిగును. ఎఱ్ఱచందనపు రంగు నీటిలో అంతగా కరగదు. మద్యసారమున వేసినచో ఎఱ్ఱగా దిగును. దాని దగ్గరిజాతియగు వేగి చెక్కను నానబెట్టిన నీరు వెలుతురున నీలిచాయ చూపును. ఇంకను సందేహమున్నచో, పలుచని పొరను కోసి సూక్ష్మదర్శినితో చూచి, పేరు తెలిసిన చెక్కలతో పోల్చుదురు. దెహ్రాదూనులో 1906లో స్థాపింపబడిన అటవీ పరిశోధన సంస్థ అట్టి చెక్కల నమూనాలను భద్రపరచియున్నది.

ఒక్క గుర్తు అనుమానమును పుట్టించును. పెక్కు గుర్తులు ఏకమైననే నిర్ణయమగును. మొద్దుకు నోరులేదు, అబద్ధమాడదు. తొందరపడి దాని పేర అబద్ధమాడువారు మనుష్యులే. తేలనంతవరకు “ఇంకను తెలియలేదు” అని చెప్పగలవాడే నిజమైన పరీక్షకుడు.