నడిపే సీటు

ఈ పుస్తకానికి ఏదైనా రాయమని అడిగితే కారు కొన్న సంగతి రాస్తానన్నాను. అడిగిన తమ్ముడు ఫోన్లో కాసేపు ఏం మాట్లాడలేదు. "కారు గురించి ఏం రాస్తవక్కా? ఆకలి గురించి రాయి, అంటరానితనం గురించి రాయి" అన్నాడు. ఆకలి గురించి మావాళ్ళు రాశారు, నాకంటే చాలా బాగా రాశారు. నేను రాసేది 2023 దసరాకు ముందు రెండు కార్ల మధ్య నెల రోజులు నేను పడ్డ కొట్లాట. ఇందులో అంటరానితనం ఎక్కడుందో మీరే చూడండి.

ఒకటి హోండా సిటీ. ఇంకోటి ఫోక్స్‌వాగన్ వర్టస్. రెండూ సెడాన్లే, వెనక డిక్కీ విడిగా ఉండే పొడుగు కార్లు. ధరలో పెద్ద తేడా లేదు. ఒకటి కూర్చునేవాళ్ళ కారు, ఒకటి నడిపేవాళ్ళ కారు. తేడా అదే.

నేను మాదిగ బిడ్డను. మాది సూర్యాపేట దగ్గర ఊరు. సర్కారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఉండేది ఎల్బీనగర్ దిక్కు. కాలేజీకి రానూపోనూ రోజుకు 90 కిలోమీటర్లు, అంతా విజయవాడ హైవే మీదనే. పదకొండేండ్లు ఒక వ్యాగనార్ తోలాను. అది ఇక నా వల్ల కాదని చెప్పడం మొదలుపెట్టింది. మా ఆయన కూడా టీచరే. ఆయనకు సైకిల్ తప్ప ఏ బండీ రాదు, నేర్చుకునే ఆలోచనా లేదు. ఒక షోరూంలో కుర్రాడు మాత్రం గంటసేపు ఆయన మొహం చూసుకుంటనే ఇంజను గురించి చెప్పాడు. మధ్యలో ఒకసారి నా దిక్కు తిరిగి "మేడంకు ఆటోమేటిక్ అయితే ఈజీ సార్" అన్నాడు. నేను గేర్ల బండే కావాలన్నాను.

కాగితం మీద చూస్తే సిటీదే పైచేయి. ఒకటిన్నర లీటరు ఇంజను, 121 గుర్రాల బలం. వర్టస్‌లో నా చేతికి అందేది ఒక లీటరు ఇంజను, మూడే సిలిండర్లు, 115. కానీ గుర్రాల లెక్క ఇంజను మొత్తం పరుగు మీద ఉన్నప్పటి లెక్క. మనం రోజూ ఆ పరుగులో పోం. లారీని దాటేటప్పుడు కాలికింద కావల్సింది చక్రం తిప్పే బలం, టార్కు. సిటీకి అది 145, అదీ ఇంజను నిమిషానికి 4,300 చుట్లు తిరిగినప్పుడు. వర్టస్‌కు 178, 1,750 చుట్ల కాడనే వచ్చేస్తుంది. అదంతా టర్బో పని. మామూలు ఇంజను కాలిన పొగను ఉత్తగనే బయటికి ఊదేస్తుంది. టర్బో ఉన్నది ఆ పోయే పొగతోనే చిన్న చక్రాన్ని తిప్పి, దాంతో బయటి గాలిని వత్తి లోపలికి పంపుతుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, చిన్న ఇంజను పెద్ద పని చేస్తుంది. పారేసేదాంతో పని చేయించుకోవడం మా వాడకు కొత్త విద్య కాదు. చచ్చిన గొడ్డు తోలుతో ఊరందరికీ చెప్పులు, మోట తొండాలు కుట్టిచ్చినవాళ్ళం.

సిటీ సంగతి వేరే. తలుపు వేస్తే బయటి లోకం చప్పుడు సగం ఆగిపోతుంది. వెనక సీటు మంచం లాగ ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు. స్టీరింగు వేలితో తిరుగుతుంది. మెత్తని స్ప్రింగు గుంతను మింగుతుంది కానీ మలుపులో బండిని ఒరగనిస్తుంది. గట్టి స్ప్రింగు మలుపులో నిలబెడుతుంది కానీ గుంతలో నడుం మీద కొడుతుంది. చేసేవాడు ఏదో ఒక దిక్కు మొగ్గక తప్పదు. సిటీని చేసినవాళ్ళు వెనక కూర్చున్నవాళ్ళ దిక్కు మొగ్గారు.

మా అవ్వ ఆ వెనక సీట్లో కూర్చుంది. డెబ్బై ఏండ్లు. నలభై ఏండ్లు నాట్లు వేసిన నడుం. రెండు చేతులతో సీటును ఒత్తి చూసి, "ఇంట్ల పండుకున్నట్టున్నది బిడ్డా, ఇదే తీస్కో" అంది. వర్టస్‌లో కూడా కూర్చోబెట్టాను. ఉద్దేశపూర్వకంగానే తవ్వి వదిలేసిన గల్లీలోంచి పోనిచ్చాను. రెండు గుంతలు దాటగానే "ఆపు" అంది.

అవ్వ మాట తీసేయడానికి లేదు. కారు వెనక సీటు మీద ఆమెకున్న హక్కు నాకు తెలుసు. మా తమ్ముడు పుట్టేటప్పుడు నొప్పులు ఎక్కువై సూర్యాపేట దవాఖానకు పోవాల్సి వచ్చింది. ఊళ్ళో కారు ఉంది. దొర అంబాసిడర్, గడీలో. దాన్ని తోలేది మా నాయినే. అయినా అవ్వను ఎడ్లబండిలో తీసుకపోయారు. అడిగితే ఇవ్వరని కాదు, అడిగే ఆలోచనే నాయినకు రాలేదు. ఆ సీటు మీద అవ్వ కూర్చునుడు అనేది ఆయన తలకాయలో లేని బొమ్మ.

నాయిన పన్నెండేండ్లకే గడీలో జీతం కుదిరాడు. ముందు పశువులు. తర్వాత కచ్చురం, గూడు కట్టిన సవారి బండి. తర్వాత ట్రాక్టరు. ఉన్న డ్రైవరు బొంబాయి పోతే అంబాసిడర్ ఈయన చేతికొచ్చింది. ఆ కారుకు గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది, ముందు సీటు బల్ల లాగ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే. నాయిన కూర్చునే భాగం మీద గోనెసంచి పరిచేవారు. బండి దిగేటప్పుడు ఆ సంచిని ఆయనే మడతపెట్టి కొట్టంలో పెట్టాలి. అంబాసిడర్‌ను పన్నెండేండ్లు తోలాడు, ఆ సీటు బట్ట ఆయన ఒంటికి ఒక్కసారి తగల్లేదు.

అందుకే నాకు డ్రైవరు సీటు, వెనక సీటు అనే మాటలు ఉత్త కారు మాటలు కావు. అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రెండు ప్రయాణాల గురించి చెప్పాడు. 1901లో తొమ్మిదేండ్ల పిల్లవాడు, అన్నతో, అక్క పిల్లలతో మసూర్ స్టేషన్లో దిగితే, మహార్లని తెలిసి బండ్లవాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. 1929లో చాళీస్‌గావ్‌లో, బారిష్టరు అయినాక, టాంగావాడు ఆయన్ని ఎక్కించుకొని తోలనన్నాడు. తోలడం చేతగాని మనిషి పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద చక్రం ఇరికి అంబేద్కర్ రాళ్ళ మీద పడ్డాడు, కాలు విరిగింది. అక్కడ డబ్బులిచ్చి ఎక్కినవాళ్ళే తోలుకోవాల్సి వచ్చింది. మా ఊళ్ళో జీతగాడు తోలితే దొర వెనక కూర్చున్నాడు. ఒకచోట నడిపే సీటు మైల, ఇంకోచోట వెనక సీటు దొరతనం. మేము ఏది ఎక్కితే అదే కిందిదవుతూ వచ్చింది.

వర్టస్ చూడడానికి నాయినను కూడా తీసుకపోయాను. ఆయనకు డెబ్బై ఐదు, ఎడమ కన్ను సరిగ్గా ఆనదు, బండి తోలడం మానేసి చాలా ఏండ్లయింది. వెనక తలుపు తెరిచి పట్టుకుంటే నా దిక్కు చూసి, ముందు తలుపు తీసుకొని నా పక్కన కూర్చున్నాడు. హయత్‌నగర్ దాటేదాకా నోరు తెరవలేదు. ఇంజను చప్పుడు వింటున్నాడు. ముందర ఇసుక లారీ. నేను నాలుగో గేరులో ఉన్నాను.

"మూడుల పెట్టు" అన్నాడు.

పెట్టి తొక్కాను. బండి వీపును వెనక్కు నెట్టి ఉరికింది. లారీ అద్దంలోకి పోయింది. నాయిన నవ్వాడు. పళ్ళు కనపడేట్టు నవ్వాడు, ఆయన అట్లా నవ్వడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

"ఇది చెప్పిన మాట ఇంటది బిడ్డా. అంబాసిడర్ అయితే చెప్పినంక ఆలోచన చేస్తుండె."

ఆ పూట ఇంటికొచ్చి చాయ తాగుతూ ఆయన చెప్పిన సంగతి మా అవ్వ కూడా మొదటిసారి విన్నది. దొరను నల్గొండ కోర్టు కాడ దింపి, సాయంత్రం దాకా బండి ఊళ్ళో పని కోసం వాపసు తేవాలి. నకిరేకల్ దాటినాక రోడ్డు ఖాళీ. గోనెసంచి తీసి వెనక పడేసి, ఆ ఖాళీ బండిని ఉరికించేవాడట. ఎంత పోతే అంత. కిటికీలన్నీ దించి, పాట పాడుకుంటూ. ఊరు పొలిమేర రాంగనే మళ్ళీ సంచి పరుచుకొని, మెల్లగ. ఒకసారి పెట్రోలు లెక్క తేడా వచ్చింది. దొర ఏం అనలేదు, జీతంలోంచి కోసుకున్నాడు. "కోసుకుంటే కోసుకుండు. పైసలిచ్చి ఉరికిచ్చిన అనుకున్న" అన్నాడు నాయిన. సీటు బట్ట ఒంటికి తగల్లేదని పైన నేను రాసింది గడీవాళ్ళకు తెలిసిన లెక్క.

"ఇన్నేండ్లు నాకు చెప్పనే లేదు" అంది అవ్వ.

"ఏం చెప్పాలె? దొంగతనం లెక్కుండె."

నాకు ఆ మాట దగ్గర తెగింది. మాకు అవసరం ఉంటే లోకం ఒప్పుకుంటుంది, అదీ దండం పెడితే. సుఖానికి కూడా కారణం చెప్పొచ్చు, అవ్వ నడుం అనో, దవాఖాన అనో. సరదాకు మాత్రం మా దగ్గర కారణం ఉండదు. ఊరికే, నాకు ఇష్టం, నా చేతికి బాగుంది అనడానికి మాకు నోరు రాదు. ఏది కొన్నా జవాబుదారీ మాదే. స్టాఫ్‌రూంలో ఒకాయన, మంచివాడే, "మీకు ఏ ఆల్టోనో సరిపోతది గద మేడం, ఇంత బండెందుకు" అన్నాడు. ఆయన కొడుకు రెండేండ్లకో కారు మారుస్తాడు, దానికి కారణం ఎవరూ అడగరు. మన ఉద్యమం మనుషులు తక్కువేం కాదు. పెద్ద కులం కామ్రేడ్ ఇన్నోవాలో దిగితే మీటింగుకు టైముకొచ్చాడంటారు. నేను కారు దిగితే అక్క మారిపోయిందంటారు. ఇది చదివేవాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళూ ఉన్నారు, కోపం లేదు.

అయ్యంకాళి గుర్తొస్తాడు నాకు. 1893లో తిరువాన్కూరులో పులయ కులం మనిషి ఎడ్లను, బండిని కొని, తెల్ల బట్టలు కట్టి, తలపాగ చుట్టి, తన మనుషులకు నిషేధమైన రోడ్డు మీద తోలుకుంటూ పోయాడు. కొట్టొచ్చినవాళ్ళను ఎదుర్కొన్నాడు. దాన్ని హక్కుల పోరాటమని మనం పాఠం చెప్పుకుంటాం, అది నిజమే. కానీ ఆ బండిలో మూటలేం లేవు. సంతకు పోలేదు, దవాఖానకు పోలేదు. బండి తోలుకుంటూ పోవడానికే పోయాడు. ఎడ్ల మెడ గంటలు మోగుతుంటే ఆ మనిషికి లోపల ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఎవరూ రాయరు. ఇప్పటికీ అదే కడుపుమంట. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత విద్యార్థి చేతుల మీద కత్తితో నరికారు. బుల్లెట్ బండి నడిపినందుకే నరికారని అతని ఇంటివాళ్ళు చెప్పారు. లూనా మీద పోతే బతకనిచ్చేవాళ్ళేమో. లూనా అవసరం, బుల్లెట్ సరదా.

వర్టస్‌కు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో ఐదు చుక్కలొచ్చాయి. నేల నుంచి ఎత్తు 179 మిల్లీమీటర్లు, సిటీ కంటే 14 ఎక్కువ, మా ఊరి రోడ్డుకు పనికొస్తుంది. అడిగినవాళ్ళకు ఈ రెండూ చెప్పి తప్పించుకోవచ్చు. మా ఆయన అట్లనే చెప్తాడు. నేను చెప్పను. మూడో గేరులో అది ఉరికే తీరు నచ్చి తీసుకున్నాను. ఏడాదిలో అవ్వ ఆ కారు ఎక్కేది నాలుగైదుసార్లు. వారానికి ఆరు రోజులు నేను ఒక్కదాన్నే ఎక్కుతాను. పొద్దున ఏడింటికి చౌటుప్పల్ దిక్కు రోడ్డు తెరుచుకున్నప్పుడు ఆ స్టీరింగు నా చేతిలో బరువుగా, నిజంగా ఉంటుంది. రోజు మొత్తంలో ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని ముప్పావుగంట అది.

అవ్వతో మాట్లాడాను. దాచలేదు. "నీకు మెత్తగుండదవ్వా, నాకు ఇదే కావాలె" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "తోలేది నువ్వు. నీ కాళ్ళు, నీ చేతులు, నీ పైసలు" అంది. నేను మలక్‌పేటలో దూది పరుపు ముక్క ఒకటి సీటు కొలతకు కుట్టించాను. అది వేసుకున్నా గుంత వచ్చినప్పుడల్లా నా పేరు పెట్టి తిడుతుంది. తిట్టడం ఆమె హక్కు.

దసరాకు ఊరికి పోయాం. పంతంగి టోల్‌గేటు దాకా నాయిన ముందు కూర్చున్నాడు, ఏ లారీని ఎప్పుడు దాటాలో చెప్తూ. నార్కట్‌పల్లి దగ్గర చాయకు ఆపితే, ఆయన దిగి వచ్చేలోపల అవ్వ పరుపు చంకలో పెట్టుకొని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. వెనక నడుం ఎగురుతుందట, ముందే నయమట. నాయిన తలుపు దగ్గర నిలబడి "అది నా జాగ" అన్నాడు. "నువ్వు పన్నెండేండ్లు కూసున్నవు" అంది అవ్వ. సూర్యాపేట దాకా ఆయన వెనక కూర్చొని రెండు సీట్ల మధ్యలోంచి మెడ ముందుకు చాపి, "మూడుల పెట్టు, మూడుల పెట్టు" అంటూనే ఉన్నాడు.